ముప్పయ్యో పేరు

కార్మికుల ఆరోగ్య సంఘం ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా సభ్యుల పేర్లు రాస్తున్న ఆవిడను అందరూ రిజిస్టరక్క అనే పిలుస్తారు. సంఘంలో చేరినవాళ్లకు ఆసుపత్రిలో పరీక్షలూ వైద్యమూ ఉచితం. పుస్తకాల కాలంలో ఒక జట్టు చేరాలంటే ఒక్క కాగితం చాలేది. జట్టు పెద్ద పేర్లు చదివేది, అక్క రాసుకునేది, సంతకాలు తర్వాత తీరిగ్గా పడేవి. ఆ ఏడాది పుస్తకాలు పోయి కంప్యూటర్ వచ్చింది.

కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె చెల్లెలు ఒక ఆదివారం వచ్చి, తలుపు గడియ పెట్టి, అక్క చెయ్యి పట్టుకుని తన రొమ్ములోని గడ్డ మీద పెట్టుకుంది. మొగుడికి కూడా చెప్పలేదంది. ఫ్యాక్టరీవాళ్లను సంఘం విడివిడిగా చేర్చుకోదు, కనీసం ముప్పై మంది కలిసి రావాలి. నెలాఖరు దాటితే మళ్లీ ఆరు నెలల దాకా ఆగాలి. చెల్లెలు తన మిషన్ల వరసలో వాళ్లను బతిమాలి, తనతో కలిపి సరిగ్గా ముప్పై మందిని పోగుచేసింది. ఎందుకంత తొందరో ఎవరికీ చెప్పలేదు.

గడువు ఇంకా ఐదు రోజులుంది. భోజన విరామంలో అక్క ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంది. ఒక్కొక్కరి వివరాలు కొట్టాలి, ఆ మనిషి ఫోనుకు వచ్చిన అంకెలు వెంటనే ఎక్కించాలి. ఫోన్లేమో కాపలావాళ్ల గదిలో ఉంటాయి. పైగా ముప్పై మందీ పూర్తయితే తప్ప ఆ సాఫ్ట్‌వేర్ ఏదీ దాచుకోదు. ఇరవై రెండో పేరు దగ్గర గంట మోగింది. అందరూ లోపలికి పరిగెత్తారు, కొట్టినదంతా చెరిగిపోయింది.

"మా మిషను దారం తెంపితే తెగినచోటే ముడేస్తాం. నీదేంటక్కా, బట్టంతా మళ్లీ కుట్టమంటుంది?" అని చెల్లెలు నవ్వింది. అక్కకు నవ్వు రాలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజు ఇరవై తొమ్మిది దాకా లాక్కొచ్చింది. ముప్పయ్యో మనిషి దారాలు కత్తిరించే పెద్దమ్మ. ఆమెకు సొంత ఫోను లేదు, కోడలి నంబరే ఆమె నంబరు. కోడలూ ఆ జట్టులోనే ఉంది. ఈ నంబరు ఇప్పటికే వాడారని తెర మీద ఎర్రక్షరాలు పడి, మొత్తం మళ్లీ మొదటికొచ్చింది. తన పేరు తీసెయ్యమంది పెద్దమ్మ, పాపం. తీస్తే ముప్పై ఎలా అవుతుంది?

సాఫ్ట్‌వేర్ చేసిన ఇంజినీరుకు ఫోన్ చేస్తే, మార్పు కావాలంటే అర్జీ పెట్టమన్నాడు. సంఘం కార్యదర్శి చేతులెత్తేశాడు. నాలుగో రోజు పొద్దున్నే అక్క ఆ ఇంజినీరు ఆఫీసుకే వెళ్లింది. ముప్పై పేర్ల కాగితం అతని ముందు పెట్టి, నువ్వే ఎక్కించి చూపించమంది. ఫోను అంకెల బదులు ఉత్తుత్తి అంకెలు వేసుకుంటూ వెళ్తే, పదకొండో పేరు దగ్గర అతనికేదో ఫోనొచ్చింది. మాట్లాడి తిరిగి చూసేసరికి, కాసేపు ఏమీ కొట్టలేదని సాఫ్ట్‌వేర్ మూసుకుపోయి తెర ఖాళీ.

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిజమే మేడమ్. ఒక్కో మనిషి తన ఇంట్లో కూర్చుని చేరతాడనుకుని చేశాం. జట్టుగా వచ్చేవాళ్ల సంగతి మాకు తట్టలేదు. మార్చాలంటే వారం పడుతుంది."

"వారం నా దగ్గర లేదు బాబూ. ఈ కాగితంలో మా చెల్లెలుంది. దానికి రొమ్ములో గడ్డ ఉంది."

ఆ మాట పైకి అనడం ఆమెకదే మొదలు. అక్కడే కుర్చీలో కూలబడింది. ఇంజినీరు మంచినీళ్లు తెచ్చిచ్చి, వచ్చిన పనులన్నీ పక్కన పెట్టాడు. సాయంత్రానికి రెండంటే రెండు మార్పులు చేశాడు. ఇకమీదట సాఫ్ట్‌వేర్ సగం ఎక్కించిన పట్టికను చెరిగిపోకుండా దాచుకుంటుంది, ఒకే నంబరు మీద ఇద్దరు చేరవచ్చు. ఎక్కడైనా చెడితే తన ఉద్యోగానికే ఎసరని కూడా చెప్పాడు.

ఆఖరి రోజు గేటు దగ్గర ముప్పై పేర్లూ ఎక్కాయి. పెద్దమ్మ పేరు పడగానే అక్క కొంగుతో ముఖం కప్పుకుంది.

పరీక్షలు మరుసటి వారమే జరిగాయి. జబ్బు చంక దాకా పాకిందని, ఏడాది వైద్యం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నయమవుతుందా అని అడిగితే చూద్దామంది, అంతే. బయట బల్ల మీద కూర్చున్నాక అక్క ఇంజినీరుతో అన్న మాట చెప్పేసింది. కట్టుకున్నవాడికంటే ముందు ఎవరో పరాయివాడికి ఎందుకు చెప్పావని చెల్లెలు అక్క మీద విరుచుకుపడింది, ఆ వెంటనే ఆమె భుజం మీద తలపెట్టి ఏడ్చింది. తర్వాత ఇద్దరూ లేచి, మరిదికి చెప్పడానికి ఇంటిదారి పట్టారు. దారి పొడుగునా మాట ఎవరు మొదలుపెట్టాలో తేలలేదు.