క్లియర్ స్క్రీన్ లేని సి

సి అనే కంప్యూటర్ భాషను అప్పటి నీలం తెర సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకున్న మా బ్యాచ్ అందరికీ ఒక ఆచారం ఉండేది. ప్రోగ్రాం మొదట్లో తెర తుడిచే క్లియర్ స్క్రీన్, చివర్లో మనం మీట నొక్కేదాకా ఆగే గెట్చ్. పరీక్ష పేపరు నెత్తిన శ్రీరామ రాసినట్టు, చెయ్యి దానంతటదే రాసేసేది. ఆ రెండూ లేనిది అసలు సి కాదని నా గట్టి నమ్మకం.

తొంభైల చివర్లో గవర్నర్‌పేటలోని ఓ కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం కోసం డెమో క్లాసుకి వెళ్లాను. అది రాకపోతే బి.ఎడ్.లో చేరాల్సిందేనని నాన్న తేల్చేశారు. నాకేమో బి.ఎడ్. అంటే ఒళ్లుమంట. కంకిపాడు బస్సులో నిలబడి పాఠమంతా వల్లెవేసుకుంటూ వచ్చాను.

అక్కడ కొత్తగా యూనిక్స్ అనే వేరే రకం మిషను పెట్టారు, దానికి నీలం తెర లేదు. ప్రోగ్రాం కొట్టి నడిపాను. రెండు తప్పులు చూపించింది, సరిగ్గా ఆ రెండు లైన్ల దగ్గరే!

"మీ మిషనుకి సి రాదండీ," అన్నాను కోపంగా.

సెంటర్ నడిపే మాస్టారు పకపకా నవ్వారు. "రాకేమండీ, బ్రహ్మాండంగా వచ్చు. మీరు వాడిన ఆ రెండూ భాషలోవి కావు, ఆ నీలం తెర కంపెనీ వాళ్లు విడిగా ఇచ్చినవి. పొయ్యి వేరు, గిన్నెలు వేరు కదండీ."

"మరి తెర మీద అక్షరాలు వేసే ప్రింట్‌ఎఫ్?"

"అదీ గిన్నే. కాకపోతే అందరిళ్లలోనూ ఉంటుంది."

నాకు తిక్కరేగింది. "అవన్నీ తీసేస్తే తెర మీద ఒక్క అక్షరమైనా పడుతుందాండీ? గిన్నె లేకుండా ఉత్త పొయ్యి మీద అన్నం వండి చూపించండి!"

అనేశాక నాలిక్కరుచుకున్నాను. ఇంకేముంది, బి.ఎడ్. ఖాయం అనుకున్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. "పాయింటే. విడదీయొచ్చు, కానీ విడదీస్తే కడుపు నిండదంటారు. ఈ తగువంతా క్లాసులో చెప్పగలరా?"

"ఎందుకు చెప్పలేనండీ!"

"అయితే సోమవారం నుంచి రండి."

సోమవారం హడావిడిలో బోర్డు మీద మొదటి లైనే క్లియర్ స్క్రీన్ అని రాసేశాను. వెనక్కి తిరిగేసరికి క్లాసంతా బుద్ధిగా నోట్సులోకి ఎక్కించేసింది.

"కొట్టేయండి, కొట్టేయండి! అది సి కాదు," అన్నాను సిగ్గుతో.

ముందు బెంచీ అమ్మాయి చివాల్న లేచింది. "అదేంటి మేడం! అది లేకుండా సి ఎలా అవుతుందండీ?"

వెనక నుంచి మాస్టారి నవ్వు వినిపించింది. ఆ అమ్మాయి మొహంలో కోపం నాకు బాగా తెలిసిందే. ఎంత ముచ్చటేసిందో! మిషను ముందు నా కుర్చీ ఆమెకిచ్చి, "ఆ లైను తీసేసి నువ్వే నడుపు, తర్వాత నాతో పోట్లాడు," అన్నాను.