నాయిన పోసిన సున్నపు గీత

నేను బడికి పోలేదు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో అమ్మ వంటింట్లోనే చదువు చెప్పింది. నాయిన క్వార్టర్ల వెనుక మట్టి కోర్టులో టెన్నిస్ నేర్పిండు. ఆ రెండు చదువులతోనే ఊరూరా తిరిగి పోటీలాడిన, ఆ ఆటతోనే బతికిన. భుజం అరిగేదాక దేవుడు ఆడనిచ్చిండు. స్తోత్రం.

ఒక్కటే నన్ను తొలిచేది. గెలవాల్సిన మ్యాచులు చాలా ఒకే తీరుగ పోయినయ్. అలసిపోయిన్నంటే చాలు, బంతి కోర్టు వెనుక గీతకు జానెడు అవతల పడేది. ఎందుకో ఏ కోచూ చెప్పలేకపోయిండు.

ఆట మానేసి తిరిగొచ్చేసరికి నాయిన లేడు. కోర్టు నిండా గడ్డి. క్వార్టర్ల ఆడపిల్లలకు నేర్పుదామని గడ్డి పీకించి, టేపు పెట్టి కొలిచిన. వెనుక గీత ఉండాల్సిన చోటికి సరిగ్గా జానెడు అవతల ఉంది. అప్పుడు యాదికొచ్చింది. ఏటా వానలు వెలిసినంక నాయిన పాత గీతను తొక్కకుండ, దాని బయటి అంచు వెంబడే కొత్త సున్నం పోసేటోడు. అట్ల ఏడాదికింత జరుగుకుంట పోయింది గీత. నా చెయ్యి నేర్చుకున్న కొలత అదే.

దాన్ని గీకేసి, సరైన చోట సున్నం పోసిన. తెల్లారి తుంపర పడ్డది. పోయి చూస్తే నా గీత కొట్టుకపోయింది. గీకేసిన గీత ఎర్రమట్టిలోంచి తెల్లగ పైకొచ్చింది. మళ్ల గీకిన. మళ్ల అదే.

శనివారం జనగామలో పిల్లల సెలెక్షన్లు. ముందురోజు మిట్టమధ్యాహ్నం, టేకుమట్ల నుంచి తన మేనత్త ఇంటికొచ్చి ఉంటున్న పిల్ల ఒక్కతే ఆడుతున్నది, బంతులు నేనే అందిస్తున్న. కొట్టిన బంతి, పొద్దున నేను మళ్ల పోసిన గీతకూ నాయిన గీతకూ నడుమ పడ్డది.

“లోపలే!”

నా వెనుక నుంచి. అచ్చం నాయిన లెక్క, ‘లో’ సాగదీసి. తిరిగి చూస్తే గోడ, గోడ మీద ఎండ. నా భ్రమే అనుకుందును. కానీ ఆ పిల్ల రాకెట్ దించి అటే చూస్తున్నది.

“ఆ తాత ఎటు పోయిండక్కా? లోపలంటుండు గద! మీరేమో పొద్దటిసంది ఔటంటున్రు. మీ కప్పులన్ని గిట్ల దబాయించే గెలిచిన్రా ఏంది?”

నవ్వు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆ కేకతోనే నాకు ధైర్యం. ఇయ్యాల ఊకుంటే రేపు ఈ పిల్ల బంతి కూడా జానెడు అవతలే పడుతది. కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్న. గోడ దిక్కు తిరిగి మెల్లగ అన్న:

“ఔట్, నాయినా.”

సాయంత్రం నాయిన గీతను గీకేసి, నా గీత మీద మళ్ల సున్నం పోసిన. ఆ రాత్రి గట్టి వాన పడ్డది, నా గీత చెదరలేదు, పాతది పైకి రాలేదు.

ఆ కేక మళ్ల వినపడలేదు. ఇప్పటికీ బంతి గీత దగ్గర పడ్డప్పుడు, నేను నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగుత.