జర్మన్ బిళ్లకు అంటిన పసుపు

మా ఇంట్లో దాన్ని దొరబిళ్ల అనేవాళ్లం. చూపుడువేలంత పొడుగున్న రేకుముక్క. దాని మీద పక్కపక్కనే మూడు రంగు రంగుల గుడ్డ పట్టీలు చుట్టి ఉంటాయి. వెనక చొక్కాకు గుచ్చుకునే పిన్ను. మూడో పట్టీ మీద పెసరగింజ కన్నా కొంచెం పెద్ద లోహపు గద్ద, దాని కాళ్ల కింద స్వస్తిక్. ఆ స్వస్తిక్ చూసే అమ్మమ్మ దాన్ని కల్లూరు ఇంట్లో దేవుడి అరలో పెట్టింది. ప్రతి శుక్రవారం అన్ని పటాలతో పాటు దానికీ పసుపు రాసి, గద్దకు కుంకుమ పెట్టేది. అమ్మమ్మ పోయాక అమ్మ పెట్టింది. ఆ గుర్తును ఎవరు వాడారో, ఎన్ని ప్రాణాలు తీశారో నేను చదువుకున్నాక చెబితే అమ్మ, "మనకు తెల్వక పెట్టినం గదా. తప్పెట్లయితది" అంది. మరుసటి శుక్రవారం కూడా పెట్టింది.

తాత పెద్ద యుద్ధంలో పటాలం లారీ నడిపాడు. ఇసుక దేశాల్లో ఖైదీలను ఎక్కించుకుని ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు తోలేవాడట. బిళ్ల గురించి ఇంట్లో అందరికీ తెలిసింది ఒక్క మాటే, ఒక జర్మన్ దొర ఇచ్చాడని. నిజంగా ఇచ్చాడా, ఖైదీ చొక్కా మీది నుంచి ఎవరైనా పీక్కున్నారా అని అడిగే వయసు నాకు వచ్చేసరికి తాత లేడు.

నేను భద్రాచలంలో ప్రభుత్వ దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. అడవి గూడేల నుంచి వచ్చే జ్వరాల రక్తం స్లైడ్ల మీద పూసి చూడటం నా పని. పేరు లేని శాంపిల్‌ను మేం ముట్టుకోం. అమ్మకు కంటి ఆపరేషన్ చేయించి నా దగ్గరే ఉంచుకున్నప్పుడు ఆమె వెంట దేవుళ్లు కూడా వచ్చారు, దేవుళ్లతో పాటు దొరబిళ్ల వచ్చింది. రోజూ కళ్ల ముందు పడుతుంటే నాకు మనసున పట్టలేదు. ఇది ఎవరో ఒకరిది. ఆ మనిషికి పేరుంటుంది, మనుమలుంటారు. ఎవరిదో కనుక్కుని వాళ్లకు పంపించాలనుకున్నాను. అంత సులువనుకున్నాను.

పాత పతకాలు సేకరించేవాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో దొరికితే ఫొటో పెట్టాను. మొదట వచ్చిన ముగ్గురూ అమ్ముతావా అని అడిగారు. నాలుగో ఆయన ఇది నకిలీ అన్నాడు. ఐదో ఆయన ఇలాంటివి ఇంట్లో ఉంచుకోవడానికి సిగ్గు లేదా అని తిట్టాడు. విసుగొచ్చి ఫొటో తీసేద్దామనుకునేలోపు జర్మనీ నుంచి ఒక పెద్దాయన రాశాడు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడట. వీటి మీద పేర్లు ఉండవని, ఏ పట్టీ పక్కన ఏ పట్టీ ఉందో చూసి మనిషిని వెతకడమే దారి అని, చాలాసార్లు ఎవరూ దొరకరని ముందే చెప్పాడు.

ఆయనకు కావాల్సిన ఫొటోలు తీయడానికే నెల పట్టింది. వెనక వైపు, అంచులు, ఎండలో, నీడలో, పక్కన స్కేలు పెట్టి, పెట్టకుండా. పంపిన ప్రతిదానికీ ఇంకొంచెం దగ్గరగా అని జవాబు. చివరికి ఆయన చెప్పింది ఇదీ. మూడోది, నీలం పట్టీ, సైన్యంలో ఏళ్ల తరబడి పనిచేసినందుకు. రెండోది అంతకు ముందరి యుద్ధంలో ఉన్నవాళ్లకు ఇచ్చింది. మొదటిది బంగారంలా పచ్చటి పట్టీ, రెండు వైపులా నల్ల గీతలు. అది ఆ దేశపు దక్షిణాన ఒకప్పుడున్న చిన్న రాజ్యం వాళ్లు తమ సైనికులకు ఇచ్చుకున్నది. అది అందరి కన్నా ముందు ఉండటం కొంచెం వింతగానే ఉందని, అయినా అలాంటివి ఉండకపోవని రాశాడు. అది ఉన్నవాళ్లు తక్కువమంది, వాళ్ల జాబితాలు పుస్తకాల్లో ఉన్నాయట.

మూడు నెలల తర్వాత ఒక పేరు పంపాడు. రెండు యుద్ధాలూ చేసిన కెప్టెన్. ఎడారిలో పట్టుబడి, ఖైదులోనే జబ్బు చేసి పోయాడు. ఆ మనిషి మనుమరాలిని కూడా ఆయనే వెతికి పట్టుకున్నాడు.

ఆమెది నా వయసే. మొదటి ఉత్తరంలోనే నాలుగు పేజీలు రాసింది. వాళ్లమ్మకు తొంభై దాటాయి. ఆమె తండ్రిని చివరిసారి చూసినప్పుడు చిన్నపిల్ల. ఆయనది ఒక గుండీ కూడా ఇంటికి తిరిగి రాలేదట. నా ఉత్తరం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించానని, మా తాత ఫొటో ఉంటే పంపమని రాసింది. పంపాను. వాళ్లమ్మ దాన్ని తన తండ్రి ఫొటో పక్కన పెట్టుకుందట. ఆ ఉత్తరం నేను అమ్మకు తెలుగులో చెబుతుంటే అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ అయిన కన్ను, ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడని నేను కసిరాను.

ఇక పంపడమే మిగిలింది. పోస్టాఫీసులో వస్తువు వివరం రాయాలన్నారు. పాత మిలిటరీ రిబ్బన్ అని రాస్తే, మిలిటరీ మాట ఉంటే పోదు మేడం అన్నాడు కౌంటర్లో అతను. పాత గుడ్డ అని రాస్తే, గుడ్డకు పిన్ను ఎందుకుంది అన్నాడు. ఖమ్మం వెళ్లి అడగమన్నాడు. ఒక రోజు సెలవు పెట్టి వెళ్తే అక్కడ భోజనాల వేళని కూర్చోబెట్టి, ఆ తర్వాత ఇది మా సెక్షన్ కాదు, రేపు రమ్మన్నారు. రెండో సెలవు కూడా అట్లనే పోయింది. చివరికి ఒకామె పాత జ్ఞాపిక అని రాయించి, ప్యాక్ చేసి తెమ్మంది. బస్సులో వస్తుంటే ఒక పెద్ద బరువు దిగినట్టయింది.

ఆదివారం పొద్దున ప్యాక్ చేద్దామని కూర్చున్నాను. పరాయి దేశం పోతోంది, కొంచెం తుడిచి పంపుదామనిపించింది. దూదికి సబ్బునీళ్లు అద్ది మొదటి పట్టీ మూల మీద మెల్లగా ఒత్తాను. పచ్చటి గుడ్డ ఎర్రగా తిరిగింది.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలుగిళ్లలో ఎవరికి తెలియదు? నిమ్మకాయ కోసి ఒక్క చుక్క వేశాను. ఎరుపు పోయి మళ్లీ పచ్చబడింది. నమ్మబుద్ధి కాక మర్నాడు డ్యూటీకి తీసుకుపోయాను. పట్టీ రేకు కిందికి మడత పెట్టిన చోట, ఎవరి వేలూ అందని చోట, ఒక దారం పోగు లాగి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. తెల్లగా ఉంది. అసలు పట్టీ తెలుపు, అంచుల్లో నల్ల గీతలు. మధ్యలో పచ్చదనమంతా మా అమ్మమ్మా, మా అమ్మా కలిసి పెట్టింది. మిగతా రెండు పట్టీలు ముదురు రంగువి, వాటి మీద అది పైకి కనబడలేదు.

మాస్టారికి రాశాను. ఐదు రోజులు జవాబు లేదు. తర్వాత చిన్న ఉత్తరం వచ్చింది. తప్పు తనదేనన్నాడు. తెల్ల పట్టీ, నల్ల అంచులైతే అది యుద్ధంలో తుపాకీ పట్టనివాళ్లకు ఇచ్చేదట. వైద్యులు, గుమస్తాలు, రైళ్లు నడిపినవాళ్లు. అలాంటివాళ్లు వేలల్లో ఉన్నారు, పేరు దొరకదు అన్నాడు. ఆ కెప్టెన్‌ది మాత్రం కాదు.

అప్పుడొచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. అన్ని ఫొటోలు చూసి కూడా పోల్చుకోలేకపోయిన మాస్టారి మీద. అమ్మ మీద. అన్నిటికన్నా నా మీద. రంగులు చూసి రోగం చెప్పడమే నా ఉద్యోగం. వంటింట్లో రోజూ ముట్టుకునే పసుపును నేను ఏడాది పాటు గుర్తుపట్టలేదు.

ఆ మనుమరాలికి ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె జవాబు రెండే వాక్యాలు. "మా అమ్మకు ఇది చెప్పడం నా వల్ల కాదు. అయినా సరే, దయచేసి పంపండి."

ఇక్కడ మా అమ్మకు చెబితే, "పంపియ్యరాదే. ముసలామె సంబరపడతది. ఇక్కడుండి మనకేం చేస్తది?" అంది. అమ్మ మాటలో తప్పేం లేదు. నేను వారం రోజులు ఆలోచించాను. ఒకరి రక్తం మీద ఇంకొకరి పేరు రాసినట్టే అనిపించింది. ఇంకెక్కడో ఆ వైద్యుడికో గుమస్తాకో కూడా మనుమలు ఉండి ఉంటారు కదా. పంపలేనని, క్షమించమని రాశాను. ఆమె మళ్లీ రాయలేదు. మా తాత ఫొటో ఇంకా వాళ్లింట్లో ఉందో, తీసేశారో తెలియదు. నేను చేసింది న్యాయమేనా అని ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

ఆ గొడవలోనే ఒకరోజు కూర తరుగుతూ అమ్మ, ఇల్లందు అవతల గూడెంలో తాత దోస్తు ఒకాయన ఉండేవాడని, ఒకే లారీ మీద పనిచేశారని, బతికున్నన్నాళ్లు తేనె పట్టుకుని కల్లూరు వచ్చేవాడని అంది. ఇంత జరిగేదాకా ఎందుకు చెప్పలేదని నేను గట్టిగానే అడిగాను.

"నువ్వు అడగలే" అంది అమ్మ.

మళ్లీ ఒక సెలవు. ఇల్లందు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో, ఆటో ఆగిపోయిన చోటు నుంచి నడక. ఆ దోస్తు ఎప్పుడో పోయాడు. కొడుకున్నాడు, ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తున్నాడు. ఇంట్లోవాళ్లతో కోయలో, నాతో తెలుగులో మాట్లాడాడు. దవాఖానా నుంచి వచ్చానని తెలియగానే షుగర్ చూడమని వేలు చాపాడు. నా దగ్గర ఏమీ లేవంటే మరెందుకొచ్చినవ్ అన్నట్టు చూశాడు. మోకాళ్ల నొప్పులు, కోడలి దగ్గు, ఈసారి పువ్వు సరిగా రాలకపోవడం, అన్నీ చెప్పాడు. నేను నా మాట ఎత్తినప్పుడల్లా అది ఇంకో వైపు పోయింది. లాభం లేదని లేవబోతూ బ్యాగులోంచి బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టాను.

తిప్పి చూశాడు. పిన్ను తెరిచి మూశాడు.

"ఇది మా అయ్యది" అన్నాడు.

వాళ్లయ్య బొగ్గుబాయి పని వదిలి పటాలంలో కూలీగా చేరాడట. లారీలో సామాను ఎక్కించేవాడు, మా తాత నడిపేవాడు. ఇసుకలో ఖైదీలను తోలుకుపోతుంటే వాళ్లయ్యకు పన్ను నొప్పి లేచి దవడంతా వాచిందట. లారీలో ఉన్న ఖైదీల్లో ఒకాయన నోరు తెరువమని సైగ చేసి చూశాడట. ఆ దొర పండ్ల డాక్టరు. బండి సామాన్లలోంచి పటకారు అడిగి తీసుకుని, వేడినీళ్లలో కడిగి పన్ను పీకాడట. దిగిపోయేటప్పుడు ఈ బిళ్ల తీసి వాళ్లయ్య చేతిలో పెట్టాడట.

"పన్ను పీకింది మా అయ్యది. బిళ్ల మీ తాతకెందుకిస్తడు?" అన్నాడు. "ఇంటికాడ సూపిచ్చి ఇస్తనని మీ తాత పట్కపోయిండు. మా అయ్య వచ్చినప్పుడల్లా అడగనీకె మొహమాటపడ్డడు."

నిజమా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆయనేం నొచ్చుకోలేదు. బిళ్లను నా వైపు చాపి, "నమ్మకం లేకుంటే తీస్కపోమ్మా" అన్నాడు.

రుజువేం లేదు. తెల్ల పట్టీ తుపాకీ పట్టనివాడిదన్న సంగతి మాత్రం నేను ఆయనకు చెప్పలేదు. ఆయన తనంతట తానే పండ్ల డాక్టరన్నాడు. నేను చెయ్యి చాపలేదు. కాసేపు చూసి ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. తాగడానికి నీళ్లిచ్చి, వచ్చేవారం మిషన్ తెమ్మన్నాడు, షుగర్ చూడటానికి.

ఇంటికొచ్చి చెబితే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడాక, మా నాయన దొంగనా అని అడిగింది. కాదన్నాను. మరెందుకు ఇచ్చొచ్చినవ్ అంది.

మాస్టారికి చివరిసారిగా రాశాను, పండ్ల డాక్టరు అని. ఆయన సంతోషపడ్డాడు కానీ, ఖైదులో ఉన్న పండ్ల డాక్టర్ల పేర్లు తనకు ఎక్కడా దొరకలేదని, దొరికినా ఎవరికి ఏ పతకం ఉందో వాటిలో రాసి ఉండదని చెప్పాడు. కింద ఇంకో వాక్యం రాశాడు. వెనక పిన్ను ఎడమ నుంచి తెరుచుకుంటుందా, కుడి నుంచా, ఇంకొక్క ఫొటో తీసి పంపగలరా?

పంపలేనని రాశాను.