నంబరుకి అడ్డంగా సూరిబాబు

1998 జనవరిలో నేను పనిచేసే దినపత్రిక నన్ను అమలాపురం శాఖకు ప్రకటనల ఇన్‌చార్జిగా వేసింది. నా చార్జి కింద ఒక బల్ల, ఒక టెలిఫోను, నేను. ముగ్గురిలో అడక్కుండా సెలవు పెట్టేది టెలిఫోను ఒక్కటే.

అక్కడ పాత కార్ల ప్రకటనల్లో ఒక వింత ఉండేది. ఫొటోలో కారంతా కనిపిస్తుంది, నంబరు ప్లేటు మాత్రం కనిపించదు. కొందరు తువ్వాలు కప్పేవారు, కొందరు అరటాకు ఆనించేవారు. ఒకాయన ఏకంగా పసుపు పూసేశారు. దొంగల భయం కాదు. ఆ రోజుల్లో కోనసీమలో కారు నంబరంటే ఇంటిపేరుతో సమానం. పొద్దున్న కారు అమ్ముతున్నారని తెలిస్తే, సాయంత్రానికి వంటింటి గిన్నెలు కూడా బేరానికి పెట్టారని ఊరంతా చెప్పుకుంటుంది.

ఫిబ్రవరిలో రాజోలు వైపు నుంచి రొయ్యల రైతు సత్యనారాయణగారు వచ్చారు. వరసగా రెండు పంటలు రోగం తగిలి పోయాయి. మూడో పంటకి రొయ్య పిల్ల వేయాలంటే తెల్ల అంబాసిడర్ అమ్మాలి. చిక్కేమిటంటే చెరువులు ఆయనవి కావు, అచ్చాయమ్మగారనే పెద్దావిడవి. కౌలు గడువు ఆ ఆదివారంతో తీరిపోతుంది. కారు సంగతి ఆవిడ చెవిన పడితే, ఈయన మునిగిపోయాడనుకుని కౌలు ఇంకొకరికి రాసేస్తారని భయం.

"నా పేరు రాకూడదండి. ఊరు రాకూడదండి. నంబరసలే రాకూడదండి" అన్నారు.

కారైనా రావచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆయ్" అన్నారు.

ఇలాంటివారి కోసం మా దగ్గర బాక్సు నంబరనే ఏర్పాటుంది. ప్రకటనలో పేరుకి బదులు ఒక అంకె వేస్తాం. జవాబులు ఆ అంకె మీద మా ఆఫీసుకి వస్తాయి. కవర్లు విప్పకుండా ప్రకటనదారుకి అప్పగిస్తాం.

మర్నాడు ఫొటో తెచ్చారు. నంబరు ప్లేటుకి అడ్డంగా డ్రైవరు సూరిబాబుని నిలబెట్టి తీయించారు. అతను చేతులు కట్టుకుని, తన పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు నవ్వుతున్నాడు.

ప్రూఫు మీద ప్రకటనదారు సంతకం లేనిదే అచ్చుకి పంపకూడదన్నది నియమం. సంతకానికి ముందే చెప్పాను, చుట్టుపక్కల కాన్పులకీ పెళ్లిళ్లకీ ఆ కారు తోలింది ఇతనేనట కదా, పోల్చుకుంటారేమోనని.

"సూరిబాబునెవరు చూస్తారండీ, కారు చూస్తారు గానీ" అన్నారాయన.

పక్కనే ఉన్న సూరిబాబు కూడా "ఆయ్" అన్నాడు. సంతకం పడింది.

గురువారం ప్రకటన వచ్చింది. శనివారానికి పదకొండు కవర్లు చేరాయి. సత్యనారాయణగారు కళ్లజోడు మరిచిపోయి వచ్చారు కనక సూరిబాబు చేత చదివించారు.

"అయ్యా, తమరు కారు అమ్మేస్తే సూరిబాబు ఖాళీ అవుతాడు గదా, మా ఇంటికి పంపగలరు." ఇది మొదటిది. రెండోది జీతం ఎంతైనా పరవాలేదంది. మిగతావీ అదే పాట. కారు ఏ మోడలని ఒక్కరూ అడగలేదు. సూరిబాబు రేడియోలో వార్తల్లా చదివి, ఒక్కొక్కటే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏరా, అవి నా బాక్సుకొచ్చినవి."

"ఆయ్, బాక్సు తమరిదేనండి. ఉత్తరాలు నాకొచ్చేయండి."

చివరి కవరు అచ్చాయమ్మగారిది. సూరిబాబు అదీ చదివాడు.

"సత్యనారాయణా, ఫొటోలో సూరిబాబు బాగా పడ్డాడు. మొన్న కౌలుకి ఇంకొకాయన కొత్త కార్లో వచ్చేడు. చెప్పులకి బురదవుతుందని దిగకుండా అద్దంలోంచి చెరువు చూసేడు. నువ్వు కారమ్మి పిల్ల వేద్దామనుకుంటున్నావు. చెరువు నీకే. ఆదివారం పదింటికి రా, కాయితం రాయిస్తాను. మూడేళ్లకి రాద్దామనుకున్నాను. నా దగ్గర దాచేవు కనక ఒక్క ఏడాదికే."

కారు మార్చిలో అమ్ముడుపోయింది. సూరిబాబు అంతకు వారం ముందే వేరే ఇంట్లో చేరిపోయాడు.

ఆ తర్వాత నంబరు దాచమని వచ్చిన ప్రతివారినీ, ఎవరికి తెలియకూడదని అడిగేవాణ్ణి. పేరు చెప్పగానే, ముందు వెళ్లి వారికి చెప్పి రండి, ప్రకటన తర్వాత వేద్దాం అనేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు చెప్పి వచ్చారు. తక్కినవారు పోటీ పత్రికకి వెళ్లారు.