అడవి టర్కీకి రెండు కాళ్లు

2011 ఏప్రిల్ చివరి శనివారం మధ్యాహ్నం, బాతెల్ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ కింది ఇంటి వరండాలో ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, మా అమ్మ, ఆ ఇంట్లో ఉండే పెద్దాయన. ఉన్న వస్తువులు: ఐస్ నింపిన కూలర్, అందులో తల, ఈకలు, పేగులు తీసేసిన అడవి టర్కీ పుంజు, రెండు కత్తులు, రాగి పైపులు అతికే గ్యాస్ టార్చ్, అమ్మ పసుపు డబ్బా, ఆ పక్షిని తానే వేటాడి నాకు ఇస్తున్నానని పెద్దాయన సంతకం చేసిన కాగితం. వేట మాంసం ఇంకొకరికి ఇస్తే అలాంటి కాగితం ఉండాలట. నేను దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. పక్షి తూకం ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. తూచింది నేనే.

పెద్దాయన వడ్రంగి పని చేసి రిటైరైన మనిషి. వయసు డెబ్బై దాటింది, ఒక్కరే ఉంటారు. అంతకుముందు ఏడాది ఆయనకు గొంతు కేన్సర్ వచ్చింది. రేడియేషన్‌తో అది తగ్గింది కానీ నోట్లో తడి పోయింది. నెలల తరబడి పొట్టలోకి వేసిన ట్యూబ్ ద్వారా ఆహారం పోసుకున్నారు. మార్చిలో ట్యూబ్ తీసేశారు. బరువు తగ్గితే మళ్లీ వేస్తామని డాక్టర్ చెప్పి పంపారు. అప్పటి నుంచి డబ్బాల్లో వచ్చే చిక్కటి పాలలాంటిది తాగుతున్నారు. గట్టి పదార్థం ఏదీ గొంతు దిగడం లేదు.

అయినా ప్రతి వసంతంలో వెళ్లినట్టే కొండలు దాటి తూర్పు వైపు వెళ్లి టర్కీని కొట్టుకొచ్చారు.

"నేను కొట్టిన ప్రతి పక్షినీ నేనే తిన్నాను," అన్నారు కూలర్ మూత తీస్తూ. "తినలేనివాడు కొట్టకూడదు. దీన్ని ఒక్క ముద్దైనా తినలేకపోతే తుపాకీ అమ్మేస్తాను. ఇదే చివరిది."

ఆయన మాటని అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది, అది నాలుగో నెల. కరీంనగర్‌లో ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. ఎవరైనా నాకు రాదు అంటే ఊరుకునే అలవాటు లేదు.

"అమ్మేదేంది?" అంది. "ముందు అడుగు, పసుపు పూసి కాల్చినరా దీన్ని?"

కాల్చలేదు. మా పొయ్యి కరెంటుది, దానికి మంట లేదు. నాలుగు నెలలుగా అమ్మకి ఉన్న ప్రధాన ఫిర్యాదు అదే. పెద్దాయనే లోపలికి వెళ్లి టార్చ్ తెచ్చారు. అమ్మ పక్షికి పసుపు పూసింది, ఆయన నీలం మంట పట్టారు, నేను రెక్కలు లాగి పట్టుకున్నాను. మిగిలిపోయిన సన్నటి నూగు చిటపటమని కాలింది.

"యాభై ఏళ్లుగా టర్కీలు కొడుతున్నా," అన్నారాయన, "దేనికీ మేకప్ వేయలేదు."

"ఏమంటుండురా?"

"మేకప్ అంటున్నారు."

"నవ్వనీయి. నవ్వితె ఆకలైతది."

షాపులో దొరికే టర్కీకీ దీనికీ పోలిక తక్కువ. దీని రొమ్ము సన్నగా, కోసుగా ఉంది. కాళ్లు పొడవు, మాంసం ముదురు ఎరుపు, కొవ్వు దాదాపు లేదు. రొమ్ము మాంసాన్ని పోగులకు అడ్డంగా పల్చగా కోసి, పిండి అద్ది, పెనం మీద రెండు వైపులా వేయించడమే తన పద్ధతి అని ఆయన చెప్పారు. ఒక్క నిమిషం ఎక్కువైతే రంపపు పొట్టు తిన్నట్టు ఉంటుందట. అమ్మ కోత వరకు ఒప్పుకుంది, పిండి ఒప్పుకోలేదు. ముక్కల్ని పెరుగు, అల్లం వెల్లుల్లిలో ఒక రాత్రి నానబెట్టి మా ఇద్దరికీ వేపుడు చేసింది. నేను థర్మామీటర్ గుచ్చి డెబ్బై నాలుగు డిగ్రీలు రాగానే దింపించాను. మెత్తగానే వచ్చింది. కానీ అది ఆయన తినగలిగేది కాదు.

ఆయన కోసం అనుకున్నది కాళ్లు. టర్కీ కాలిలో నరాలు ముదిరి వెదురు పుల్లల్లా గట్టిపడతాయి. పాదం పైన చర్మం చుట్టూ గాటు పెట్టి, ఆ పుల్లల్ని ఒక్కొక్కటిగా లాగేయాలని ఆయనే చూపించారు. నేను ప్లయర్‌తో లాగాను. మొదటి కాలిలో తొమ్మిది, రెండో కాలిలో పది.

ఆ సాయంత్రం ఆయన డిశ్చార్జ్ కాగితాలు చదివి, తెలుగులో ఒక జాబితా రాసి మా ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మిరపకాయ ఏ రూపంలోనూ వద్దు. మిరియం, అల్లం, పులుపు, మసాలా వద్దు. ఎముక, పొడి ముద్ద, నోట్లో విడిపోయే గింజ వద్దు.

అమ్మ చదివి, "ఇంకేం మిగిలింది? నీళ్లా?" అంది.

మొదటి కాలిని ఆదివారం వండింది. ఆరు విజిళ్లకి మూత తీస్తే మాంసం రబ్బరులా ఉంది. "ఇది కోడి కాదురా, కొయ్య," అని ఇంకో ఎనిమిది పెట్టింది. తర్వాత ఎముక తీసి, ముక్కల్ని పోగులుగా చిదిమి, ఆ ఉడికిన నీళ్ల రసంతోనే పల్చగా కూరలా చేసింది. పంపే ముందు నేను రుచి చూశాను. నా ఉద్యోగం ల్యాబ్ పరికరాలు టెస్ట్ చేయడం. కాబట్టి రుచి చూసి, నోట్‌బుక్‌లో 'కారం: సున్నా' అని రాశాను కూడా.

పెద్దాయన మా ఇంటికే వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చిన్న చెంచాతో కొంచెం నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. రెండు సెకన్ల తర్వాత ముఖం ఎర్రబడింది. దగ్గు ఆగలేదు. నీళ్లు పనికిరాలేదు. అమ్మ పాలు తెచ్చింది. అరగ్లాసు తాగాక మాట వచ్చింది. ఆ వచ్చిన మొదటి మాట "సారీ మేడమ్" అని. ఆవిడ వంటకి ఏ లోపం లేదని, తన గొంతే పాడైపోయిందని రెండుసార్లు చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

నేను గిన్నె వాసన చూశాను. "అమ్మా, ఇందులో ఏం వేశావ్?"

"ఏం వెయ్యలే."

"అమ్మా."

"రెండు పచ్చిమిర్చి చీరి వేసిన. ఉడికినంక తీసేసిన. వాసన కోసమేరా! ఇంటికొచ్చిన మనిషికి ఉప్పు నీళ్లల్ల ఉడకబెట్టి పెడతరా ఎవరన్నా?"

"జాబితాలో మొదటి లైను అదే కదా!"

"నువ్వు గూడ నోట్లె పెట్టుకున్నవ్ గద. నీకెందుకు తెల్వలే?"

నేను చూశాను. నిజంగానే నాకు కారం తగల్లేదు. ఆవకాయ మీద పెరిగిన నాలుకతో, రేడియేషన్ తగిలిన గొంతు కోసం కొలత తీశాను. ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే ముందు పరికరం సరిచూసుకో అనేవాణ్ణి. నోట్‌బుక్‌లో ఆ సున్నా కొట్టేశాను. అమ్మ ఆ పూట వేపుడు ముట్టలేదు. కింద ఆయన తలుపు ముందు, ముందురోజు వచ్చిన ఆ చిక్కటి పాల డబ్బాల పెట్టె ఇంకా విప్పకుండా అలాగే పడి ఉంది.

సోమవారం పొద్దున నేను ఆఫీస్‌కి బయల్దేరుతుంటే అమ్మ అడిగింది. "ఇంకో కాలు ఉన్నది గద?"

"ఉంది. కానీ మన కుక్కర్లో వద్దు. గ్యాస్కెట్‌ని ఎంత కడిగినా మసాలా వాసన పోదు. మన గరిటెలూ అంతే."

"మరి ఎవరి గిన్నెల వండాలె?"

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. సెలవు పెట్టాను. మిరపకాయ ఎరగని వంటిల్లు మాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది, కింద. నేను వెళ్లి తలుపు కొట్టి, మీ గిన్నె, మీ పొయ్యి కావాలని అడిగాను. ఆయన తలుపు సగమే తెరిచి పట్టుకున్నారు.

"మళ్లీనా?"

"నిన్నటి తప్పు మీ గొంతుది కాదు. మాది. మిరపకాయలు పడ్డాయి. నేను టెస్ట్ చేసి పాస్ చేశాను."

"నువ్వు పాస్ చేశావా?" ఆయన ముఖంలో ఏదో తేలికపడింది. "ఇంజనీరింగ్ ఫీల్డ్ వదిలెయ్ బాబూ."

అమ్మ రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని ఆయన వంటింట్లోకి వెళ్లింది. కుక్కర్ లేదు కాబట్టి పెద్ద ఇనప గిన్నెలో నీళ్లు, ఉప్పు, కాలు. చిటికెడు పసుపుకి ముందు నా వైపు చూసి అనుమతి తీసుకుంది. మూత పెట్టి సన్నటి సెగ మీద ఐదు గంటలు. మూడో గంటకి వాసన లేచింది. ఆయన హాల్లో కుర్చీ వంటింటి వైపు తిప్పుకున్నారు.

ఈసారి కొలిచే పని నాకు ఇవ్వలేదు. ప్రతి దశలోనూ అమ్మ చెంచా కొనతో రసం ఆయనకే ఇచ్చింది. "అన్నా, చూడుండ్రి." ఆయన నాలుక మీద వేసుకుని, ఆగి, బొటనవేలు పైకెత్తేవారు. ఒకసారి అటూ ఇటూ ఊపారు. ఉప్పు ఎక్కువ. అమ్మ వేడినీళ్లు పోసింది.

మాంసం ఎముక మీద నుంచి దానంతటదే జారింది. అన్నాన్ని మెత్తగా, గంజి వార్చకుండా ఉడికించి, మాంసం, రసంతో కలిపి ఆయన బ్లెండర్లో తిప్పింది. నాకు ఆరో నెలలో పెట్టింది ఇలాంటిదేనట, మాంసం బదులు పెసరపప్పు. చివర్న కరిగిన నెయ్యి వేసింది. పోపు పెట్టలేదు. చెయ్యి పోపుల డబ్బా కోసం గట్టు మీద వెతికి, అది పై ఇంట్లో ఉందని గుర్తొచ్చి, వెనక్కి వచ్చింది.

గిన్నె ఆయన ముందు పెట్టి అమ్మ అటు తిరిగి పొయ్యి తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడిచింది. ఆయన మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నారు. గొంతు దగ్గర కదలిక కనిపించింది. ఆగారు. దగ్గు రాలేదు. రెండోది తీసుకున్నారు. ఐదో చెంచా దగ్గర ఒకసారి నీళ్లు తాగారు. పన్నెండో దాని దగ్గర, చెంచా గాల్లో పట్టుకుని, "ఇది అదే పక్షి, అదే రుచి," అన్నారు, ఎవరితోనో తెలియకుండా. తర్వాత మళ్లీ వంగి తిన్నారు. చివరికి గిన్నె అంచు గీకిన చప్పుడు వినబడింది.

అమ్మ ఇటు తిరగలేదు. "ఎన్ని తిన్నడురా?" అని తెలుగులో అడిగింది.

నేను లెక్కపెడుతున్నానని తనకి తెలుసు.

"ఇరవై మూడు చెంచాలు," అన్నాను.