ఎవా ఎందుకు పలకదు

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో మనవాళ్ల ఇళ్లల్లో ఒక మాట తిరిగింది: నర్సు మరియరాణి తన కూతురికి తెలుగు నేర్పలేదనీ, నాలుగేళ్ల ఎవా పెద్దవాళ్లు పిలిచినా తల తిప్పదనీ, తల్లి పొగరే పిల్లకీ వచ్చిందనీ. పిల్ల తల తిప్పని మాట నిజమే, మిగతాదాంట్లో పిసరంత నిజం లేదు. జరిగింది ఇదీ.

మరియరాణిది తెనాలి. ఎనభై తొమ్మిదిలో ఇక్కడి ఆస్పత్రివాళ్లు తాత్కాలిక వీసా మీద పిలిపించుకున్నారు. తర్వాత పీఆర్‌కి, అంటే ఇక్కడే ఉండిపోవడానికి, వాళ్లే అర్జీ పెట్టించారు. ఇక మిగిలింది ఇంటిల్లిపాదికీ మెడికల్ పరీక్ష. ఒక్కరు తప్పినా అందరి అర్జీ పోవచ్చని ఆస్పత్రిలో చెప్పుకోగా వింది.

అంతలో వానలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం దగ్గర్లోనే పిడుగు పడి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. భర్త నాథన్ గుండె పట్టుకుని లేచాడు. ఎవా మాత్రం నేలమీద కూర్చుని బొమ్మకి రంగు వేసుకుంటూనే ఉంది.

చెవుల డాక్టరుకి చూపిస్తే ఆ సంగతి కాగితం మీదికి ఎక్కి వీసావాళ్లకి తెలుస్తుంది. చూపించకపోతే పిల్లకి మాటలు రావు. మెడికల్ అయ్యేదాకా ఆగుదామన్నాడు నాథన్. మరియరాణి ఆగింది గానీ, అన్నం సహించేది కాదు. ఇంటి ప్రార్థనలకు వెళ్తే పిల్లని ఒళ్లోనే ఉంచుకుని, ఆమెన్ అనాల్సినప్పుడు పిల్ల కళ్లు తెరవాలని దాని చెయ్యి నొక్కేది. ఎవరి అవసరత వాళ్లు పైకి చెప్పుకునే వేళ వస్తే, వీసా కోసం ప్రార్థించమని ఒక్క ముక్క అనేసి తల వంచుకునేది.

ఆ ఆదివారం ప్రార్థన పక్కింటి శేషుకుమారి ఆంటీ ఇంట్లో. వంటింట్లో ఆంటీ చేతిలోంచి స్టీలు బేసిన్ జారి పెద్ద చప్పుడుతో పడింది. కళ్లు మూసుకున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. తల్లి ఒళ్లో ఎవా కదల్లేదు. గుమ్మంలోంచి ఆంటీ కళ్లారా చూసింది.

భోజనాలయ్యాక మరియరాణిని వెనక వరండాలోకి లాక్కెళ్లింది.

"నిజం చెప్పవే అమ్మాయ్. పిల్లకి వినపడదా?"

మరియరాణి దోమతెర తలుపులోంచి లోపలున్న ఎవాకేసి చూసింది.

"వినపడదు ఆంటీ. మీరంతా పొగరని అనుకుంటుంటే అనుకోనిచ్చాను. పొగరుంటే వీసా ఆపరుగా. ఇంక నా వల్ల కాదు, రేపే డాక్టరుకి చూపిస్తా, తర్వాత వచ్చేది వస్తుంది. నాథన్‌కి రేపు మార్నింగ్ షిఫ్టు. మీ కార్లో దింపుతారా?"