సమాధానం గారి గొడుగు

కోట నుంచి నెల్లూరు దాకా సమాధానం గారి గొడుగు పట్టుకోని మనిషి లేడు. ఆయన ఏ పనిలో ఉన్నా, ఎవరితో ఎంత ముఖ్యమైన సంగతి మాట్లాడుతున్నా, ఉన్నట్టుండి పక్కవాళ్ళ చేతిలో గొడుగు పెట్టి, "పట్టుకో నాయనా, ఇప్పుడే వస్తా" అని చెట్టు చాటుకో గోడ చాటుకో వెళ్ళిపోయేవారు. తాసిల్దారు పట్టుకున్నాడు. పోలీసు జవాను పట్టుకున్నాడు. ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి కూడా పట్టుకున్నాడు. సమాధానం గారు తిరిగొచ్చేలోపల ఊళ్ళో సగం మంది ఆ పెద్దమనిషి గుర్తు గొడుగేనని ఖాయం చేసుకున్నారు.

దీనికంతటికీ మూలం ప్రోస్టేటు. వయసు మీరిన మగవాళ్ళకు మూత్రసంచి కింద ఉండే ఆ గ్రంథి ఉబ్బి, దారికి అడ్డంగా కూర్చుంటుంది. వెళ్ళి నిలబడితే రాదు. వచ్చి కూర్చుంటే వస్తానంటుంది. ఆయన భార్య నవోమి పెద్దమ్మ పల్లేరు కాయల కషాయం కాచి పొద్దున ఒక లోటా, సాయంత్రం ఒక లోటా తాగించేది. దాని రుచి సంగతి తర్వాత చెబుతాను. గుణం మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు: అది తాగితే ఇంకా ఎక్కువసార్లు వెళ్ళాల్సి వచ్చేది.

మా కోట చర్చిలో ఆయన హార్మోనియం, నేను డోలకు. ఆయన మా నాన్నకు స్నేహితుడు, మాకు ఎదురిల్లు. నేను పెదనాయనా అని పిలిచేవాణ్ణి. పాట మధ్యలో హార్మోనియం ఆగిందంటే సంఘానికి సంగతి అర్థమయ్యేది. ఆయన తిరిగొచ్చేదాకా అదే చరణం తిప్పి తిప్పి పాడేవాళ్ళం. పొరుగూరి నుంచి వచ్చిన పాస్టరుగారొకరు, "కోట సంఘానికి భక్తి ఎక్కువ, ఒక్కో చరణాన్నీ వదలలేక వదలలేక వదులుతారు" అని మెచ్చుకుని వెళ్ళారు. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు ప్రసంగిస్తారు కదా, సమాధానం గారు మాటకొకసారి లేచారు. ఆరో మాట చెప్పిన హెబ్రోను గారు మాత్రం తన ప్రసంగంలో ఆయన రెండుసార్లు లేచాడని కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఆ హెబ్రోను గారి కూతురు పుష్పకుమారి పెళ్ళిలో కొంప మునిగినంత పనైంది. పాస్టరుగారు పుస్తకం తెరిచి, "ఈ వివాహమునకు ఎవరికైనను ఆక్షేపణ ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను" అని చదివి, ఆనవాయితీ ప్రకారం కాసేపు ఆగారు. సరిగ్గా అప్పుడు సమాధానం గారు హార్మోనియం దగ్గర నుంచి లేచి నిలబడ్డారు.

హెబ్రోను గారు బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వంక చూశాడు. పెళ్ళికూతురు నేల చూసింది.

"ఏంది సమాధానం, నీకేం తెలుసు?" అన్నారు పాస్టరుగారు.

"నాకేం తెలవదయ్యగారూ. మీరు చదవతా ఉండండి, నేను ఇప్పుడే వస్తా" అని, దారిలో ఎదురుగా ఉన్న పెళ్ళికొడుకు చేతిలో గొడుగు పెట్టి వెళ్ళిపోయారు. ఆ పెళ్ళి ఫోటో ఇప్పటికీ ఉంది. పెళ్ళికొడుకు కుడిచేతిలో పెళ్ళికూతురి చెయ్యి, ఎడమచేతిలో గొడుగు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆయనకు ఆ జబ్బు నిజంగా ప్రమాదమే. ఎందుకంటే ఆయనకున్నది ఒక్కటే మూత్రపిండం. రెండోది రాళ్ళు పడి చెడిపోతే ఎప్పుడో నెల్లూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో తీసేశారు. తీసేశారని మనం అనాలి. ఆయన అనరు. "ఆసుపత్రికి దానం చేసినా" అంటారు. దాన్ని స్పిరిటు పోసిన గాజు సీసాలో పెట్టి, నర్సు చదువు చదివే పిల్లలకు పాఠం చెప్పే గదిలో బీరువా మీద ఉంచారు. మేము నెల్లూరు వెళితే ఆయన దాన్ని చూడకుండా తిరిగి వచ్చేవారు కాదు.

"ఇదిగో జయకుమార్, ఇదే నా కుడిపక్కది."

"దండం పెట్టాల్నా పెదనాయనా?"

"ఎగతాళి చేయబాక. దీన్ని చూసి ఎంతమంది నర్సమ్మలు పాసైనారో తెలుసునా? నేను మూడో క్లాసుతో మానేసినా. అది చూడు, ఇన్నేళ్ళుగా చదవతానే ఉంది."

ఇక బస్సు. ప్రార్థన కూటాలకని ఆయన హార్మోనియం, నేను డోలకు పట్టుకుని తరచు గూడూరు మీదుగా నెల్లూరు వెళ్ళేవాళ్ళం. బస్సు కోటలో తెల్లారుతుండగా బయలుదేరేది. సముద్రం ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని అంతదూరం నడిచొచ్చి ఎక్కేవాళ్ళు. వెనక సీట్లన్నీ వాళ్ళవే. డ్రైవరు మునెయ్య మంచి ఊపు మీద ఉండగా సరుగుడు తోపు వచ్చేది. సరిగ్గా అక్కడ సమాధానం గారు లేచేవారు.

"మునెయ్యా, ఆపు నాయనా."

"ఇప్పుడే గదయ్యా ఎక్కినావు!"

"నేను ఎక్కినా. అది దిగమంటా ఉంది."

కండక్టరు గంగాధరం అలవాటుగా గొడుగు అందుకునేవాడు. "మన బస్సుకి బ్రేకు మునెయ్య కాలికింద లేదు, సమాధానం గారి పొట్టలో ఉంది" అని కొత్తగా ఎక్కినవాళ్ళకు చెప్పేవాడు.

అందరికన్నా ఎక్కువ గోల నాగులమ్మది. చేపల తట్టలవాళ్ళకు ఆమె పెద్ద. "ఏందయ్యా సామీ, మళ్ళానా? నా చేపలు కుళ్ళిపోతా ఉండాయి! ఎండెక్కితే ఎవురు కొంటారు, నువ్వు కొంటావా?" అని బస్సు టాపు ఎగిరిపోయేలా అరిచేది. అరిచి, ఎలాగూ ఆపాడు కదా అని కాళ్ళు చాపుకోవడానికి తనూ దిగేది. ఇంత తిట్టే మనిషి అప్పుడప్పుడూ ఆయన ఇంటి గడపలో ఆకులో చుట్టిన చందువా చేపలు ఎందుకు పెట్టి పోయేదో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టేది కాదు.

పంతొమ్మిది వందల అరవై ఒకటి ఎండాకాలంలో ఒకరోజు తోపు దగ్గర దిగిన మనిషి ఎంతకీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే చెట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒళ్ళంతా చెమట. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది.

"రావడంలా నాయనా. చుక్క కూడా."

నేనూ గంగాధరమూ మోసుకొచ్చి సీటు మీద పడుకోబెట్టాం. మునెయ్య బస్సును ఉరికించాడు. చేపల బజారు గూడూరులో. అక్కడ ఆపబోతే నాగులమ్మ లేచింది. "చేపలు పోతే సముద్రంలో మళ్ళా దొరకతాయి. నువ్వు పోనీరా మునెయ్యా! ఆపినావంటే చూడు!" ఎప్పుడూ దారిలో ఆగకుండా వెళ్ళని ఆ బస్సు ఆ రోజు నెల్లూరు ఆసుపత్రి గేటు దాకా ఎక్కడా ఆగలేదు. దారి పొడుగునా ఆయన గొడుగు ఆయనే పట్టుకుని ఉన్నారు. మాకు ఎక్కువ భయం వేసింది అది చూసే.

రబ్బరు గొట్టం వేసిన తర్వాత ఆయన ముఖంలో కనిపించిన శాంతి నేను ఏ ప్రార్థన కూటంలోనూ చూడలేదు. డాక్టరు క్రీస్తుదాసు గారు మాత్రం మండిపడ్డారు.

"ఆపరేషన్ చేయించుకోమని రెండేళ్ళ నుంచి చెబుతున్నాను. కింద దారి మూసుకుంటే నీళ్ళు వెనక్కి తన్ని మూత్రపిండాన్ని చెడగొడతాయి. మీకున్నది ఒకటి. అదీ పోతే నేను చేయగలిగిందేమీ లేదు."

సమాధానం గారు దుప్పటి సర్దుకున్నారు. "డాక్టరుగారూ, ఆపరేషనైతే మాటిమాటికీ పొయ్యే పని ఉండదా?"

"ఉండదు. బస్సెక్కితే నెల్లూరు దాకా కదలకుండా కూర్చోవచ్చు."

ఈ మాటకు ఆయన ముఖం వెలగాలి కదా. వాడిపోయింది.

"కొంచెం కూడా మిగలదా?"

"ఏమిటి మిగలాల్సింది?"

"అదే, ఆ అడ్డం. అంతా తియ్యకుండా, దోవలో ఒకసారి దిగేంత..."

డాక్టరుగారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. కబురంది తర్వాతి బస్సులో వచ్చిన నవోమి పెద్దమ్మకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "ఏం మాటలయ్యా అయ్యి? నువ్వు పోతే నేను ఎవుర్ని చూసుకోని బతకాల?"

ఆయన తల వంచుకున్నారు. "సరే, కోయండి. కానీ అది కూడా సీసాలో పెట్టండి, నా కుడిపక్కదాని పక్కనే. దానికీ తోడుంటాది" అన్నారు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. ఒంట్లో సత్తువ వచ్చాక మళ్ళీ కూటానికి బయలుదేరాం. "ఈ రోజు నించి మన బస్సు మెయిలు బండే!" అని గంగాధరం ప్రకటించాడు. మునెయ్య హారను మోగించాడు. వెనక సీట్లు మాత్రం ఎందుకో ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

సరుగుడు తోపు వచ్చింది. సమాధానం గారు లేచారు.

"మునెయ్యా, ఆపు నాయనా."

గంగాధరం గొడుగు అందుకుంటూ నోరు తెరిచినవాడు మూయలేదు. పరుగున ఆయన వెనకే దిగాను. ఆయన రోడ్డు పక్కన పొలాల వైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని, కూనిరాగం తీస్తూ ఊరికే నిలబడి ఉన్నారు.

"పెదనాయనా! మళ్ళా రావడంలేదా?"

"అరవబాక. అంతా బాగుండాది. ఇటు తిరుగు, ఎనక్కి చూడబాక."

నేను అప్పటికే చూశాను. బస్సుకు అవతలి పక్క నాగులమ్మ ముందు, ఆమె వెనక చేపల తట్టల ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య ఒక నిండు చూలాలు, గబగబా సరుగుడు చెట్లలోకి వెళుతున్నారు.

"చీకటితో లేచి నడిచొచ్చినోళ్ళు నాయనా. మళ్ళా ఇంటికి చేరేదాకా ఉగ్గబట్టుకోని కూచోవాల" అన్నారాయన. "మొగోడు ఆపమంటే తిట్టి ఆపతారు. ఆడది అడిగితే బస్సంతా నవ్వతారు. నాకీ బాధ వచ్చినాక గదా ఉగ్గబట్టుకునేది ఎట్టుంటాదో తెలిసింది. నేను దిగినప్పుడల్లా వాళ్ళూ దిగతా ఉండారని అప్పుడే చూసినా."

"మరి నాగులమ్మ నిన్ను అంతలేసి తిట్టేది?"

"తిట్టకుండా దిగితే అందరికీ తెలిసిపోదూ? డాక్టరు నా జబ్బు తీసినాడు గానీ వాళ్ళ అవసరం తియ్యలా."

డాక్టరుగారిని 'కొంచెం మిగలదా' అని ఎందుకడిగారో అప్పుడు తెలిసింది. ఆయన్ని అక్కడే వాటేసుకోవాలనిపించింది. బస్సులోవాళ్ళు ఏమనుకుంటారోనని ఊరుకున్నాను.

నాగులమ్మ తిరిగొచ్చి మెట్టెక్కుతూ మొదలుపెట్టింది. "ఆపరేషనన్నారు, కోతన్నారు, ఏం కోసినారయ్యా? నా చేపలు కుళ్ళిపోతా ఉండాయి!"

"ఏం చేసేది తల్లీ, డాక్టరు సరింగా కొయ్యలా" అన్నారు సమాధానం గారు దీనంగా. పాపం క్రీస్తుదాసు గారికి మా పక్క పేరు పోయింది.

ఆ ఏడు చలికాలంలో కూతురి కాన్పుకని ఆయనా పెద్దమ్మా నాయుడుపేట వెళ్ళారు. వెళుతూ వెళుతూ నా చేతిలో గొడుగు పెట్టి, "పట్టుకో నాయనా, ఇప్పుడే వస్తా" అన్నారు. ఆ వారం నేను ఒక్కణ్ణే బస్సెక్కాను. సరుగుడు తోపు కనబడింది. వెనక్కి చూస్తే నాగులమ్మ కిటికీలోంచి తోపునే చూస్తోంది. నా వంక చూడలేదు. అడగలేదు.

నేను లేచాను. "మునెయ్యన్నా, ఆపు."

"నీకూనా!" అన్నాడు గంగాధరం. "ముప్పై కూడా నిండలేదే అబ్బయ్యా!"

"ఏం చేసేది అన్నా" అని గొడుగు అతని చేతిలో పెట్టాను.

వెనక నుంచి నాగులమ్మ గొంతు బస్సంతా మోగింది. "ఏం కాలమొచ్చిందమ్మా! పెళ్ళి కూడా కాని పిల్లోడికి ఈ రోగమా! నా చేపలు కుళ్ళిపోతా ఉండాయి!" తిట్టుకుంటూ తట్ట జరిపి దిగింది. ఆమె వెనక మిగిలినవాళ్ళు దిగారు. నేను పొలాల వైపు తిరిగి కూనిరాగం తీశాను.

ఆ సాయంత్రం మా గడపలో ఆకులో చుట్టిన చందువాలున్నాయి. నన్ను చూసుకోవడానికి గూడూరు నుంచి రావాల్సిన పెళ్ళివారు మాత్రం రాలేదు.

నాయుడుపేట నుంచి దిగిన రోజే నవోమి పెద్దమ్మ లోటా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "గంగాధరం అంతా చెప్పినాడు. సిగ్గుపడబాక నాయనా, తాగు." లోటాలో పల్లేరు కాయల కషాయం. రుచి సంగతి తర్వాత చెబుతానన్నాను కదా: దాని ముందు వేపాకు బెల్లం. ఆమె వెనక గుమ్మంలో సమాధానం గారు నిలబడి ఉన్నారు. ముఖంలో నవ్వు లేదు. నవ్వంతా కళ్ళలోనే ఉంది.

"తాగు జయకుమార్. మొదట్లోనే చూసుకోవాల."

ఎత్తిన లోటా దించకుండా తాగాను. మర్నాడు సరుగుడు తోపు దగ్గర నాకు నటించే అవసరం రాలేదు.